గాలి పరుపు, మేకుల డబ్బా

మా బావకి పంక్చర్ షాపు ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా గాలి కొట్టి బతుకుతున్నాడు కానీ గాలిని నమ్మడు. ట్యూబుకి ప్యాచ్ వేసి, చక్రం బిగించి, గేజితో కొలిచాక కూడా చూపుడు వేలు నోటితో తడి చేసుకుని వాల్వ్ మీద పెడతాడు. తడి మీద బుడగ లేస్తుందేమోనని కళ్లు చికిలించి చూస్తాడు. బండివాడు ఆఫీసుకి ఆలస్యమవుతోందని ఎంత గోల పెట్టినా ఆ వేలు తీయడు. ఇంట్లో గ్యాసు పైపు మారిస్తే సబ్బు నురగ రాసి చూస్తాడు. పాల ప్యాకెట్ కొంటే నాలుగు మూలలూ నొక్కుతాడు. నా పెళ్లి రోజున బంధువులందరూ నన్ను చూస్తుంటే ఆయన మాత్రం మేం మాట్లాడుకున్న బస్సు కింద దూరి స్టెపినీ టైరు చూస్తున్నాడు. ఫోటోల్లో ఆయన కాళ్లు మాత్రమే పడ్డాయి.

ఈ అనుమానం ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు, ఒకరు అంటించిందే. షాపు పెట్టిన రెండో ఏట ఒక మోటారుసైకిల్ ఆసామి మేకు పట్టుకొచ్చి, నడిరోడ్డు మీద నలుగురి ముందు ఆయన మొహం మీద విసిరాడు. బేరాల కోసం నువ్వే రోడ్డు మీద మేకులు చల్లుతున్నావు అన్నాడు. పంక్చర్ షాపు వాళ్ల మీద ఇలాంటి మాట ఎప్పుడూ ఉండేదే, ఎవరూ నిరూపించిందీ లేదు, అనడం ఎవరూ మానుకున్నదీ లేదు. మిగతావాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లు. మా బావ ఊరుకోలేదు. పాత స్పీకర్లోంచి అయస్కాంతం పీకి, దాన్ని కర్రకి కట్టి, మర్నాటి నుంచి షాపు తెరవగానే రోడ్డుకి అటు వంద అడుగులు, ఇటు వంద అడుగులు ఊడవడం మొదలుపెట్టాడు. దొరికిన మేకులూ సీలలూ గాజు డబ్బాలో వేసి అందరికీ కనపడేలా గుమ్మంలో పెట్టాడు. అలాంటి డబ్బాలు ఇప్పటికి తొమ్మిది నిండాయి. పదోది సగానికి వచ్చింది.

మా అక్క బట్టల మిల్లులో చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తుంది. ఏటవాలు బల్ల కింద ట్యూబ్‌లైట్లు వెలుగుతుంటాయి, గుడ్డ పైనుంచి కిందికి జారుతుంటుంది, అక్క అందులో తప్పిన పోగులూ, ముడులూ, చిల్లులూ పట్టుకుని చాక్‌పీసుతో సున్నా చుడుతుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే బల్ల. ఆ ఇంట్లో మొగుడు నీళ్లలో చిల్లులు వెతికే మనిషి, పెళ్లాం వెలుగులో చిల్లులు వెతికే మనిషి. వాళ్లింటికి కొత్త చొక్కా వేసుకుని వెళ్లాలంటే నాకు ఇప్పటికీ భయమే.

రెండేళ్ల క్రితం చలికాలంలో అక్కకి న్యుమోనియా వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఉంది. బావ షాపు మూసేసి మంచం పక్కనే కూర్చున్నాడు. రెండో రోజున ఆ గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తూ నర్సుకి దొరికిపోయి చీవాట్లు తిన్నాడు. అప్పుడు నేను కూడా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వినందుకు సిగ్గేస్తుంది.

అక్క కోలుకుంది. ఈ ఏడు చెకింగ్ సెక్షన్ ఆడవాళ్లు ఆరుగురు కలిసి కొండల మీద వారం రోజుల నడకకి వెళ్దామనుకున్నారు. సామాను వీపున మోసుకుంటూ నడవాలి, ఐదు రాత్రులు గుడారాల్లో పడుకోవాలి. అక్క ఆరు నెలల నుంచి మిల్లు మెట్లు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగుతోందని అప్పుడు బయటపడింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి వెళ్లొచ్చు అన్నాడు, ఒక్క షరతు పెట్టాడు. నేల చలి వీపుకి తగలకూడదు. చలిని ఆపే మంచి పరుపు ఉంటేనే వెళ్లాలి, లేకపోతే వద్దు. ఆరుగురికీ పెద్దగా ఉన్న సూపర్‌వైజరమ్మ ఇంకా గట్టిది. బయలుదేరే ముందు శనివారం అందరి సంచులూ తనే విప్పి చూస్తానని, అక్క సంచిలో ఆ పరుపు లేకపోతే బస్సు ఎక్కనివ్వనని చెప్పేసింది.

బావ ఇదంతా విని అవునూ అనలేదు, కాదూ అనలేదు. పరుపు తను చూసి కొంటానన్నాడు. ఒప్పుకున్నాడని మేం సంబరపడ్డాం.

ముగ్గురం కలిసి కొండ ప్రయాణాల సామాను అమ్మే దుకాణానికి వెళ్లాం. అక్కడి సేల్స్‌మన్ ఓపికమంతుడు, ఆ పూట ఆ ఓపికంతా ఖర్చయిపోయింది. అతను మూడు రకాల పరుపులు నేల మీద పరిచాడు. ఒకటి ఉత్త నురుగు షీటు, చిల్లుపడే బాధ లేదు కానీ చుడితే దిండంత అవుతుంది, చలిని ఆపేదీ తక్కువే. రెండోది లోపల స్పాంజి ఉండి సగం గాలి దానంతటదే పీల్చుకునే రకం, అది బరువు. మూడోది ఊదుకునే గాలి పరుపు. చుడితే నీళ్ల సీసా అంత, ఊదితే నాలుగు వేళ్ల మందం. లోపల వెండి రంగు పొరలు ఉంటాయట, ఒంటి వేడిని నేలలోకి పోనివ్వకుండా తిప్పి పంపుతాయట. దాని మీద ఆర్ వాల్యూ అని ఒక అంకె ఉంది. ఆ అంకె పెరిగేకొద్దీ కింది చలి అంత తక్కువగా పైకి వస్తుంది. వేసవికి రెండు చాలు, మంచు నేలకి నాలుగు దాటాలి, దీనిది నాలుగున్నర అని సేల్స్‌మన్ చెప్పాడు.

ఆ నాలుగున్నర ఎవరు కొలిచారని బావ అడిగాడు. కంపెనీవాళ్లు అని సేల్స్‌మన్ చెప్పాడు. పరుపు అమ్మేదీ వాళ్లే, కొలిచేదీ వాళ్లేనా అన్నాడు బావ. అరకిలో కూడా లేదంటే నమ్మక కాటా తెప్పించి తూచాడు. అరకిలోకి ఇరవై గ్రాములు తక్కువే తూగింది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. బరువు లేని ట్యూబుని ఆయన జీవితంలో ఎప్పుడూ గౌరవించలేదు. పరుపు మీద మోచేత్తో నొక్కితే లోపలి పొరలు కరకరలాడాయి. ఇది పరుపా, చిప్స్ ప్యాకెట్టా అన్నాడు. గాలి లోపలికే పోయి బయటికి రాని వాల్వ్ మూతని పదిసార్లు తెరిచి మూశాడు, వేలు తడి చేసి పెట్టాడు. సేల్స్‌మన్ నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

అక్క ఇవేవీ పట్టించుకోకుండా బూట్లు విప్పి ఆ పరుపు మీద పక్కకి తిరిగి పడుకుంది. తుంటి నేలకి తగలలేదు. కాళ్ల దగ్గర సన్నబడే రకం వద్దని, వెడల్పుది కావాలని, కింద గుడ్డ మందంగా ఉన్నదే ఇమ్మని తనే ఎంచుకుంది. చాలా కాలానికి తన కోసం ఏదైనా కొనుక్కుంటోంది, ముఖం వెలిగిపోతోంది. పది రోజుల్లోపు తేడా వస్తే మారుస్తామని దుకాణం వాళ్లు చెప్పారు.

ఆ సాయంత్రమే బావ పరీక్ష మొదలుపెట్టాడు. వెచ్చటి వంటింట్లో పరుపుకి గాలి నింపి, గట్టిగా అయ్యాక మేడ మీద ఆరుబయట పడేశాడు. తెల్లారి చూస్తే మెత్తగా ఉంది. లీకు అన్నాడు. షాపుకి మోసుకెళ్లి తొట్టెలో ముంచితే ఒక్క బుడగా రాలేదు. బుడగ రాని లీకు ఇంకా దొంగ లీకన్నాడు. మార్చి ఇంకోటి తెచ్చాడు. దానికీ మేడ, దానికీ చలి, అదీ తెల్లారేసరికి మెత్తబడింది. సేల్స్‌మన్ మర్యాదగానే చెప్పాడట, చలికి గాలి తగ్గుతుంది, పడుకునే ముందు ఇంకో రెండుసార్లు ఊదుకుంటే సరిపోతుందని. నాకు గాలి గురించి చెప్తున్నావా అని బావ మండిపడి మూడోది పట్టుకొచ్చాడు. ఆ రకంలో అదే ఆఖరుదట, ఇక మార్చడం కుదరదని దుకాణం వాళ్లు రాసి మరీ ఇచ్చారు. బయలుదేరడానికి అప్పటికి తొమ్మిది రోజులుంది.

దుకాణం వాళ్లు మనకి చెవిలో పువ్వులు పెడుతున్నారని నేను కూడా నమ్మాను, అబద్ధమెందుకు. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి. కంపెనీలు రాసే అంకెల మీద నాకూ పెద్ద గౌరవం లేదు. కానీ మర్నాడు పొద్దున్నే బండికి గాలి కోసం షాపుకి వెళ్తే ఒక ఆటోవాడు బావతో గొడవపడుతున్నాడు. రాత్రి కొట్టిన గాలి పొద్దుటికి తగ్గిందట. బావ చాలా శాంతంగా చెప్తున్నాడు.

"లీకు కాదయ్యా, చలి. చలికి గాలి ముడుచుకుంటుంది. ఎండ రానీ, మళ్లీ అదే లేస్తుంది."

ఆటోవాడు సరే అని వెళ్లిపోయాడు. నేను పంపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇన్నాళ్లూ పరుపు మీద ఉన్న నా అనుమానం లేచి బావ మీద వాలింది. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెప్పే మాట ఈయనకి పరుపు దగ్గర ఎందుకు గుర్తు రాలేదు? గుర్తు రాకపోవడం కాదు, గుర్తు రానివ్వడం లేదు. రోజులు గడిపేస్తున్నాడు. శనివారం దాకా లాగితే చాలు, అక్క ఆగిపోతుంది.

అక్కకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు కడుపులో దాచుకుని తిరిగాను. చెప్తే మొగుడూ పెళ్లాల మధ్య నిప్పు పెట్టినట్టు, చెప్పకపోతే అక్క ఆరు నెలల మెట్లు మట్టిలో కలిసినట్టు. చివరికి నేను నోరు విప్పేలోపే అక్కే అంది.

"మీ బావ మీద నాకు అనుమానంగా ఉందిరా. మొన్నటి రెండూ మంచివే. ఈసారి మేడ మీదకి పోనివ్వను."

అన్నట్టే మంగళవారం పొద్దున్న తనే ముందు గదిలో పరుపు పరిచి, గాలి నింపి, చుట్టుకొలత టేపుతో కొలిచి కాగితం మీద రాసుకుని మిల్లుకి వెళ్లింది. గది వెచ్చగానే ఉంటుంది, తలుపు మూసే ఉంటుంది. బావ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి వెళ్లాడు, రోజూ వచ్చేదే. సాయంత్రం అక్క వచ్చేసరికి పరుపు పిండి పడేసిన తడిగుడ్డలా నేలకి అంటుకుపోయి ఉంది.

అక్క నాకు ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, షాపుకి రమ్మంది అంతే. నేను వెళ్లేసరికి పరుపు చంకలో పెట్టుకుని గుమ్మంలో మేకుల డబ్బా పక్కనే నిలబడి ఉంది. లోపల బావ ఎవరిదో సైకిల్ చక్రం విప్పుతున్నాడు. ఆ సైకిల్ మనిషి వెళ్లేదాకా అక్క ఓపికగా ఆగి, తొట్టెలో ముంచమంది.

బావ ఊదాడు, మూత బిగించాడు, కాళ్ల వైపు నుంచి జానెడు జానెడుగా నీళ్లలోకి తోస్తూ వచ్చాడు. ఆయన చేతులు అంత నెమ్మదిగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. సగం దాటింది, ఏమీ లేదు. వాల్వ్ దగ్గరికి వచ్చేసరికి సన్నగా, ఒకదాని వెనక ఒకటిగా బుడగలు లేచాయి. బావ అలవాటు కొద్దీ చోటు తుడిచి చాక్‌పీసుతో సున్నా చుట్టాడు. చుట్టాక చాక్‌పీసు వంకే చూస్తూ ఉండిపోయాడు.

అక్క మిల్లు భూతద్దం బయటికి తీసింది. పోగులు లెక్కపెట్టడానికి వాళ్లు వాడే చిన్న మడత భూతద్దం అది. దాన్ని సున్నా మీద పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపు చూసింది. గుడ్డలో తప్పెక్కడ జరిగిందో, మగ్గం మీదా, రంగుల దగ్గరా, బండి ఎక్కించేటప్పుడా, చిల్లు చూసి చెప్పగలిగిన మనిషి. మిల్లులో తన మాటకి తిరుగులేదు.

"నేత తప్పు కాదు," అంది తల ఎత్తకుండానే. "పోగు తెగలేదు, పక్కకి జరిగింది. గుండ్రంగా ఉంది. సూది."

నేను బావ వంక చూడలేకపోయాను. ఒక మేకు రోడ్డు మీద వేశావన్న మాటకి ఇరవై తొమ్మిదేళ్లు రోడ్డు ఊడ్చిన మనిషి. ముల్లు గుచ్చుకుందేమో అనొచ్చు, ఎలుక కొరికిందేమో అనొచ్చు. నేనైతే ఎలుక మీదకి నెట్టేసేవాణ్ణి. ఆయన చొక్కా కాలరు మడతలోంచి సూది తీసి, గుమ్మంలోకి నడిచి, మేకుల డబ్బా మూత తీసి అందులో వేశాడు.

"నేనే," అన్నాడు. "పదకొండు రోజులు నీ పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను. అక్కడ ఎవరు లెక్కపెడతారు?"

అక్కకి కోపం ఉంది, మెడ నరాలు కనపడుతూనే ఉన్నాయి. కానీ అరవలేదు. భూతద్దం మడిచి సంచిలో వేసుకుంది.

"ఇరవై తొమ్మిదేళ్లుగా నా కళ్లు రెండు జానల దూరం దాటలేదు," అంది. "ఆ పదకొండు రోజులూ ఫ్యాను వంక చూస్తూ అదే అనుకున్నాను, బతికితే దూరంగా ఉన్నదేదైనా చూడాలని. మీకు భయమైతే భయమని చెప్పొచ్చుగా."

బావ ఎక్కడెక్కడ తిరిగైనా కొత్త పరుపు తెస్తానన్నాడు. వద్దంది. మీరు పొడిచింది మీరే మూసి ఇవ్వండి, దాని మీదే పడుకుంటాను అని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ ప్యాచ్ వెయ్యడానికి మా బావకి రెండు రోజులు పట్టింది. సూదిమొనంత చిల్లుకి! పరుపుతో పాటు చిన్న ప్యాచ్ ముక్కా, బుల్లి జిగురు గొట్టమూ వచ్చాయి. ఆ జిగురు మీద అనుమానం, తను ట్యూబులకి పూసే సొల్యూషన్ ఈ గుడ్డకి పట్టదేమోనని అనుమానం. పరుపు మోసే సంచి అంచు గుడ్డ కూడా అలాంటిదేనని దాన్ని ఆరు ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కో రకంగా ప్యాచ్ వేసి, మా ఇంటి ఫ్రిజ్‌లో మంచు గదిలో పెట్టి వెళ్లాడు. వాళ్ల ఫ్రిజ్ అంత చల్లగా ఉండదట. మా ఆవిడ ఐసు ట్రే తీయబోతే ముక్కలు చేతికొచ్చి నన్ను నానా మాటలు అంది. నాలుగో ముక్క గెలిచింది. దాని లెక్కనే పరుపుకి ప్యాచ్ వేసి, పైన ఇనప దిమ్మ పెట్టి ఒక పగలంతా కదలనివ్వలేదు. శనివారం సూపర్‌వైజరమ్మ అక్క సంచి విప్పి, పరుపు విప్పి, ప్యాచ్ చూసి ఇదేమిటని అడిగింది. మా ఆయన పని, గట్టిదే అని అక్క చెప్పింది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు.

అక్క కొండల్లో ఉన్న వారం ఫోన్లు కలవలేదు. బావ షాపులో గిరాకీల మీద కన్నా ఆకాశం మీద ఎక్కువ దృష్టి పెట్టాడు. వంద అడుగులు ఊడ్చేవాడు కాస్తా మూడో రోజుకి సందు చివరిదాకా, ఐదో రోజుకి బస్సులు ఆగే చోటిదాకా అయస్కాంతం ఈడ్చుకుంటూ వెళ్లాడు. ప్యాచ్ ఊడితే డబ్బులు వాపసు అని బోర్డు రాసి పెట్టుకున్న మనిషి, తన ప్యాచ్ మీద తనే అనుమానపడుతూ రోజుకి మూడుసార్లు నన్ను అడిగాడు, నాలుగో ముక్క గట్టిగానే ఉందంటావా అని. గట్టిగానే ఉంది బావా అని నేను. నీకేం తెలుసు, లిఫ్టులవాడివి అని ఆయన.

ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చింది. ముక్కు మీద తోలు ఊడింది, ఒక బొటనవేలికి పట్టీ ఉంది, మనిషి మాత్రం రెండంగుళాలు పొడుగు పెరిగినట్టు నిటారుగా నడుస్తోంది. సంచి గోడకి ఆనించి మంచినీళ్లు అడిగింది. కొండలు ఎలా ఉన్నాయని నేను అడిగాను. చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక చేత్తో దూరంగా చూపించి నవ్వింది. బావ కొండల గురించి అడగలేదు. చెంబు ఆమె చేతికి ఇస్తూ, "గాలి నిలిచిందా?" అన్నాడు.

అక్క నీళ్లు తాగి మూతి తుడుచుకుంది.

"రోజూ పొద్దుటికి కొంచెం తగ్గేది."

బావ గోడకి ఆనించిన సంచి వైపు ఒక అడుగు వేశాడు.

"లీకు కాదు, చలి," అంది అక్క. "ఎండ రాగానే మళ్లీ లేచేది."

తర్వాత తనే సంచి విప్పి, పరుపు తీసి, ముందు గదిలో పరిచి, దానిలోకి గాలి నింపే సంచి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన ఊదాడు, మూత పెట్టాడు. చూపుడు వేలు నోటిదాకా వెళ్లింది. అక్క చూస్తోంది. వేలు అక్కడే ఆగి, చొక్కాకి తుడుచుకుని కిందికి దిగింది. అక్క దాని మీద పక్కకి తిరిగి పడుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయింది.

వెళ్లొస్తానని చెప్దామని నేను గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూశాను. బావ ఆమె వీపు పక్కన గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. షాపుకి వెళ్లే ఉద్దేశం ఉన్నట్టు లేదు. పెదవులు మాత్రం సన్నగా కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడని నాకు గట్టి అనుమానం.